నాలుగు గోడలు వద్దన్న రవీంద్రుడు

పాఠశాల అనగానే మన కళ్ల ముందు ముందుగా నిలబడేది ఓ భవనం. గేటు, గంట, నాలుగు గోడలు, వరసగా బెంచీలు. ఎండాకాలం వచ్చేసరికి ఆ గదుల్లో కూర్చోలేక విద్యార్థీ, పాఠం చెప్పలేక మేష్టారూ పడే అవస్థ మన కోస్తా వాళ్లకి కొత్త కాదు. ఫ్యాను తిరిగినంతసేపే పాఠం. కరెంటు పోయిందా, నోటు పుస్తకాలన్నీ విసనకర్రలైపోతాయి. కిటికీ బయట వేపచెట్టు కింద మాత్రం చల్లటి నీడ ఎవరికీ పట్టకుండా పడి ఉంటుంది. బడిని ఆ నీడలోకి తీసుకుపోతే ఏం అని అడిగి, అడిగి ఊరుకోకుండా తీసుకుపోయినవాడు మన దేశంలో ఒకాయన ఉన్నాడు.

రవీంద్రనాథ టాగూరు పేరెత్తితే గీతాంజలి, నోబెల్ బహుమతి, జాతీయగీతం అని మూడు మాటలు చెప్పి ఊరుకుంటాం. పరీక్షలో అయిదు మార్కులకి అది చాలు. కాని ఆ మహాకవి జీవితంలో చివరి నలభై ఏళ్లనీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ మింగిన పని ఇంకొకటుంది. అది బడి. గోడల్ని నమ్మని బడి. గాలీ వానా ఎండా మట్టీ నీరూ కూడా మేష్టర్లేనని నమ్మిన బడి. వాతావరణ మార్పు గురించి దేశదేశాల వాళ్లు సభలు పెట్టుకుంటున్న ఈ రోజుల్లో ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి ఓసారి చూడటం మనబోటి విద్యార్థులకి అవసరమని నాకు తోస్తుంది.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలో జొరాసాంకో భవనంలో పుట్టాడు. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు. పెద్ద జమీందారీ కుటుంబం, పెద్ద సంతానం. పిల్లల పెంపకమంతా నౌకర్ల చేతిలో ఉండేది. వాళ్లలో ఒకడు ఈ బాలుణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, అది దాటితే ప్రమాదమని చెప్పి తన పని చూసుకునేవాడట. రామాయణం విన్న పిల్లవాడు గనక ఆ గీత దాటేవాడు కాదు. పొద్దస్తమానం కిటికీ లోంచి కింద ఉన్న చెరువునీ, దాని గట్టున ఊడలు దించిన మర్రిచెట్టునీ చూస్తూ కూర్చునేవాడు. ఆ మర్రిచెట్టే ఆయన మొదటి బడి అనుకోవచ్చు.

అసలు బడులు ఒకటి కాదు, నాలుగు మార్చారు. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, చివరికి సెయింట్ జేవియర్స్. ఏదీ అతుక్కోలేదు. బడి నించి వచ్చాక ఇంటి వసారా కటకటాల ముందు నిలబడి, ఆ చెక్క కమ్మీలే తన విద్యార్థులన్నట్టు బెత్తంతో బాదేవాడు. బడిలో చదువు కంటే దెబ్బలు కొట్టే పద్ధతే తనకి ముందు వంటబట్టిందని పెద్దయ్యాక ఆయనే నవ్వుకుంటూ రాసుకున్నారు. పద్నాలుగేళ్లు దాటేసరికి బడి చదువు దాదాపు ఆగిపోయింది. తర్వాత లండను వెళ్లినా పట్టా లేకుండానే తిరిగొచ్చాడు.

అయితే 1873లో ఒక గొప్ప విషయం జరిగింది. ఒడుగు అయ్యాక, గుండుతో ఉన్న పదకొండేళ్ల పిల్లవాణ్ణి తండ్రి తన వెంట బోల్పూరు తీసుకెళ్లాడు. దేవేంద్రనాథుడు 1863లో అక్కడ రెండు ఏడాకులపాల చెట్లున్న బీడుభూమిని కౌలుకి తీసుకుని శాంతినికేతనం అని ధ్యానగృహం కట్టించుకున్నాడు. చుట్టూ ఎర్రనేల. వానలకి కోసుకుపోయి గుట్టలూ గండ్లూ పడిన ఆ నేలని అక్కడి వాళ్లు ఖొవాయి అంటారు. ఉత్తరాన కోపాయి అనే చిన్న నది, దక్షిణాన అజయ నది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పిల్లవాణ్ణి ఎవరూ గీతలోపల కూర్చోబెట్టలేదు. ఖొవాయిలో ఇష్టం వచ్చినట్టు తిరిగి జేబుల నిండా రాళ్లు ఏరుకొచ్చాడు. ఒకచోట నేల లోంచి నీరు ఊరుతోంటే, అదేదో మహా ఆవిష్కారమన్నట్టు తండ్రికి చెప్పాడు. ఆ తండ్రి నవ్వి కొట్టిపారేయలేదు. ఇకనుంచి ఆ నీళ్లే తెప్పిద్దామని ఏర్పాటు చేయించాడు. అక్కణ్ణించి హిమాలయాలకి వెళ్లాక, రాత్రిపూట ఆరుబయట కూర్చోబెట్టి నక్షత్రాల పేర్లు చెప్పాడు. నేల, నీరు, ఆకాశం: మూడు పాఠాలు, ఒక్క గోడా లేదు. ఇరవయ్యెనిమిదేళ్ల తర్వాత రవీంద్రుడు బడి పెట్టింది అదే చోట అంటే ఆశ్చర్యమేముంది?

రెండో చదువు నది మీద. ముప్పయ్యేళ్ల వయసు దగ్గర పడుతుండగా తండ్రి ఆయన్ని తూర్పు బెంగాల్ జమీందారీ వ్యవహారాలు చూడమని పంపాడు. షిలైదా, షాజాద్‌పూర్, పతిసర్. ఇవాళ ఇవన్నీ బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. ఉండటానికి ఇళ్లున్నా ఆయన మనసు పడింది మాత్రం పడవ ఇంటి మీద. ఆ పడవ పేరు పద్మ, తిరిగేది పద్మానది మీద. అక్కడ ఆయన చూసింది వెన్నెలా ఇసుకతిన్నెలూ మాత్రమే కాదు. నది ఒక ఏడు ఒక ఒడ్డుని కోసుకుపోతుంది, మరో ఏడు ఇంకోచోట మేట వేస్తుంది. వరి కోతకొచ్చే వేళకి వరదొస్తే రైతు పచ్చివరే కోసుకుని పడవలో వేసుకుపోవాలి. ఋతువు ఒక్క పదిహేను రోజులు అటూ ఇటూ అయితే ఊరంతా అప్పులపాలు. వాతావరణమంటే పుస్తకంలో మాట కాదనీ, అది రైతు కంచంలో మెతుకనీ కలకత్తా మేడలో పుట్టినాయన ఈ పడవలో తెలుసుకున్నారు. 1906లో కొడుకు రథీంద్రనాథుణ్ణి, మిత్రుడి కొడుకు సంతోష్ మజుందార్‌నీ వ్యవసాయ శాస్త్రం చదవమని అమెరికాలో ఇల్లినాయికి పంపారు. ఆనాటి జమీందారు బిడ్డలు బారిస్టర్లో ఐ.సి.యస్.లో కావాలని ఇంగ్లండు వెళ్లేవారని గుర్తుంచుకుంటే ఈ నిర్ణయం విలువ తెలుస్తుంది.

1901 డిసెంబరు 22న శాంతినికేతనంలో బడి మొదలైంది. విద్యార్థులు అయిదుగురు. వాళ్లలో ఒకడు సొంత కొడుకు. జీతాలు లేవు, భోజనం ఉచితం. మరి డబ్బు? పూరీలో ఉన్న ఇల్లు అమ్మేశారు. భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చేసింది. బడి పెట్టి ఏడాది తిరక్కముందే, 1902 నవంబరులో ఆ ఇల్లాలు పోయింది. 1903లో కూతురు రేణుక. 1905లో తండ్రి. ఇన్ని చావుల మధ్య కూడా ఆయన బడిని వదిలిపెట్టలేదు.

శమీంద్రుడి కథ ఇంకా కష్టమైనది. రవీంద్రుడి చిన్నకొడుకు. తండ్రి పోలికలే, తండ్రి పాటలే. 1907 ఫిబ్రవరిలో, వసంతపంచమి నాడు, ఈ పదేళ్ల పిల్లవాడు తోటి పిల్లల్ని పోగుచేసి ఋతువుల పండగ ఒకటి జరిపాడు. ఒకడు వసంతం, ఒకడు వర్షం. అదే ఏడాది నవంబరులో, సెలవులకి ముంగేరు వెళ్లి అక్కడ కలరాతో చనిపోయాడు. ఆ పిల్లవాడు మొదలెట్టిన పండగ మాత్రం చావలేదు. తండ్రి దాన్ని బడి సంప్రదాయం చేశారు. వర్షమంగళం, శారదోత్సవం, వసంతోత్సవం. ఋతువు మారితే పాట కట్టడం, ఆడటం, పాడటం శాంతినికేతనంలో చదువులో భాగమైంది. మనం వాటిని సాంస్కృతిక కార్యక్రమాలు అంటాం. ఆయన దృష్టిలో అవి పాఠాలు. తొలకరి ఎప్పుడొచ్చిందో, ఏ చెట్టు ఎప్పుడు పూసిందో ఏటేటా పాటతో జ్ఞాపకం పెట్టుకున్న పిల్లలకి, ఒక ఏడు అది రాకపోతే తెలుస్తుంది. ఋతువే పట్టనివాడికి ఋతువు తప్పిందని ఎలా తెలుస్తుంది?

ఇక బడి ఎలా ఉండేదంటే, తరగతి గది అంటే ఒక చెట్టు. చెట్టు మొదట్లో మేష్టారికి చిన్న అరుగు. పిల్లలు ఎవరి ఆసనం వాళ్లే తెచ్చుకుని అర్ధచంద్రంగా కూర్చుంటారు. మామిడితోపు పేరు ఆమ్రకుంజం, సాలవృక్షాల బాట సాలవీథి. సూర్యుడు జరిగితే తరగతీ జరుగుతుంది. వానొస్తే వసారాలోకి. వాన మరీ జోరందుకుంటే పాఠం కట్టేసి తడవటానికి పరుగే. ఇదంతా కవిగారి విలాసం అనుకోకండి. జగదానంద రాయ్ అనే మేష్టారు అక్కడ సైన్సు చెప్పేవారు, బెంగాలీలో పిల్లలకోసం సైన్సు పుస్తకాలు రాశారు. రవీంద్రుడు కూడా డెబ్బయ్యారేళ్ల వయసులో, 1937లో, విశ్వపరిచయం అని ఖగోళం, భౌతికశాస్త్రం మీద పిల్లలకి పుస్తకం రాసి సత్యేంద్రనాథ బోసుకి అంకితమిచ్చారు. తండ్రి హిమాలయాల్లో చూపించిన నక్షత్రాల బాకీ అలా తీర్చుకున్నారు కాబోలు.

అక్కడి కట్టడాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బోల్పూరు ప్రాంతం వేసవిలో నిప్పుల కొలిమి. అలాంటి చోట ఎలాంటి ఇల్లు కట్టాలి? తెల్లదొరల బంగళా నమూనా తేలేదు ఆయన. పక్కన సంతాలు పల్లెల వైపు చూశారు. వాళ్లు తరతరాలుగా మట్టితో గోడలు పెట్టి, నున్నగా అలికి, ఆ ఎండల్ని కాచుకున్నవాళ్లు. దళసరి మట్టిగోడ పగటి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. వేడి గోడ దాటేసరికి సాయంత్రమై గాలి చల్లబడుతుంది. అందులో సూత్రమంతా అంతే. తేజేశ్‌చంద్ర సేన్ అనే మేష్టారు చెట్లంటే ప్రాణం పెట్టేవారు. ఇల్లు కట్టుకునే చోట తాటిచెట్టు అడ్డం వస్తే దాన్ని కొట్టెయ్యకుండా, దాని చుట్టూనే గుండ్రంగా మట్టిగోడ పెట్టి గడ్డి కప్పించుకున్నారు. ఇంటి నడినెత్తి మీంచి తాటిచెట్టు జెండాలా పైకి లేచి ఉంటుంది. అందుకే దాని పేరు తాళధ్వజం. మన ఉత్తరాంధ్ర చుట్టిళ్లు చూసినవాళ్లకి ఆ ఇల్లు పరాయిదిగా అనిపించదు. తుపాను గాలికి ఎదురు నిలబడకుండా పక్కకి జారనిచ్చే గుండ్రటి గోడ, నేలబారుగా దిగిన కప్పు మన పెద్దలూ ఎరిగినవే.

వీటన్నిటిలోకీ పేరుబడ్డది శ్యామలి. 1935లో రవీంద్రుడి పుట్టినరోజుకి సిద్ధమైంది. సురేంద్రనాథ కర్ నమూనా గీశారు. నందలాల్ బోసు, ఆయన శిష్యులు, రాంకింకర్ బైజ్ గోడల మీద మట్టిబొమ్మలు తీర్చారు. గోడలే కాదు, కప్పూ మట్టే. దీనికో కారణముంది. గడ్డి కప్పిన ఇళ్లు వేసవిలో అంటుకుంటే ఊళ్లకి ఊళ్లే బూడిదవుతాయి. కోస్తాలో తాటాకిళ్లు తగలబడటం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కప్పు కూడా మట్టిదైతే పేదవాడి ఇంటికి ఆ భయం తగ్గుతుందని ఆయన ఆశ. మన రాయలసీమ మట్టిమిద్దెల్లో ఉన్న తెలివి అదే. నోబెల్ బహుమతి పొందిన కవి, డెబ్బయ్యయిదో ఏట, మట్టింట్లో కాపురం పెట్టి, పల్లెటూరి వాళ్లకి ఇది పనికొస్తుందా లేదా అని స్వయంగా ఉండి చూశారు. 1940లో గాంధీజీ, కస్తూరిబా వచ్చినప్పుడు బస చేసింది ఈ శ్యామలిలోనే.

బడి గోడలు దాటితే చాలదు, ఊళ్లోకి కూడా వెళ్లాలి. 1922 ఫిబ్రవరిలో పక్కనున్న సురుల్ గ్రామంలో, లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్ అనే ఆంగ్ల యువకుడి సాయంతో శ్రీనికేతనం ప్రారంభించారు. చుట్టుపక్కల ఊళ్లలో మలేరియా, అప్పులు, ఎండిన చెరువులు, చెట్లు పోయి కోసుకుపోతున్న నేల. విద్యార్థులు పుస్తకాలతో పాటు పారలు పట్టుకున్నారు. 1928 జూలైలో శాంతినికేతనంలో వృక్షారోపణం జరిపారు. మొక్కని పల్లకీలో పెట్టి, పాటలతో ఊరేగించి, అయిదుగురు పిల్లలు పంచభూతాల వేషాలు కట్టి రాగా నాటారు. ఆ వెంటనే శ్రీనికేతనంలో హలకర్షణం, అంటే మన ఏరువాక లాంటి పండగ. వనమహోత్సవం పేరుతో దేశమంతా మొక్కలు నాటడం 1950లో మొదలైంది. దానికి ఇరవై రెండేళ్ల ముందు మాట ఇది. 1936లో పూడిపోయిన భువన్‌డంగా చెరువుని మళ్లీ తవ్వించి నీళ్లు నింపుకున్నారు. నీటిని పూజించే దేశంలో నీటిని ఇంత అశ్రద్ధ చేస్తున్నామే అని ఆయన బాధ.

ఆయనకీ మన ఆంధ్రానికీ ఉన్న సంబంధం కూడా ఈ చదువుల ద్వారానే. 1919లో మదనపల్లె వచ్చి, అక్కడి థియొసాఫికల్ కాలేజీలో ఉండి, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. రాయప్రోలు సుబ్బారావుగారు శాంతినికేతనంలో ఉండి వచ్చారు. బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడ చదువుకుని, తర్వాత ఆయన రచనల్ని తెలుగు చేశారు. 1933 డిసెంబరులో విశాఖపట్నం వచ్చారు. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులు. మానవుణ్ణి గురించి మూడు ఉపన్యాసాలిచ్చారు. విశ్వవిద్యాలయం వాటిని 1937లో పుస్తకంగా వేసింది. విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లి బంజారా హిల్స్‌లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇంట్లో బస చేశారు. అక్కడి బండరాళ్లనే కలుపుకుని కట్టిన ఇల్లు అది. ఆ కొండల మీద ఓ కవిత కూడా రాశారు. ఇవాళ ఆ బంజారా కొండల్లో రాళ్లెన్ని మిగిలాయో హైదరాబాదు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

ఇంత చేసినాయనకి సుఖం దక్కిందా అంటే లేదు. 1921లో విశ్వభారతి ఏర్పడ్డాక ఖర్చులు పెరిగాయి. సర్కారు సాయం అడగటం ఆయనకి ఇష్టం లేదు. అందుకని దేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చారు. డెబ్బయ్యయిదేళ్ల వయసులో నృత్యనాటక బృందాన్ని వెంటేసుకుని ఊరూరా తిరిగారు. 1936లో ఢిల్లీలో ఆ స్థితిలో చూసిన గాంధీజీ మనసు కరిగి, అరవై వేల రూపాయలు ఏర్పాటు చేయించి, ఈ వయసులో ఇక తిరగొద్దని వేడుకున్నారు. మట్టిగోడలు చవకే. వాటి మధ్య నిలబడ్డ మనిషికి మాత్రం ఖరీదు ఎక్కువే పడింది.

1941 ఆగస్టు 7న, పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే రవీంద్రుడు కన్నుమూశారు. బెంగాలీ లెక్కన శ్రావణం 22. శాంతినికేతనంలో ఆ రోజున ఏడుస్తూ కూర్చోరు. మొక్క నాటుతారు. వృక్షారోపణాన్ని ఆయన వర్ధంతికే మార్చుకున్నారు. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. 2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఒకప్పటి ఎర్రటి బీడునేల, రెండు ఏడాకులపాల చెట్లు, అయిదుగురు పిల్లలు. అంతటితో మొదలైన పని అది.

ఇప్పుడు మన సంగతి. మన చోడవరం చుట్టూ ఏమీ లేదా? అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది ఉంది. పెద్దేరు, బొడ్డేరు ఉన్నాయి. చెరుకు తోటలున్నాయి. మన తాతల నాటి చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉమ్మడి విశాఖ జిల్లా అంతా ఒక్కరోజులో ఎన్ని చెట్లు పోగొట్టుకుందో మనలో చాలామందికి కళ్లారా చూసిన జ్ఞాపకం, మిగిలినవాళ్లకి ఇంట్లో పెద్దలు చెప్పిన కథ. వానాకాలం ఏరు పొంగి దారులు మూసేస్తుంది. వేసవికి అదే ఏరు ఇసుక. ఇన్ని పాఠాలు కళ్లెదుట పెట్టుకుని, వాతావరణం అనే పాఠాన్ని గది తలుపులేసుకుని బల్ల మీద తల పెట్టుకుని వింటున్నాం.

అన్ని తరగతులూ చెట్టు కింద జరగవు, నిజమే. లేబొరేటరీకి గది కావాలి, పరీక్షకి సిలబస్ పూర్తి కావాలి. శాంతినికేతనంలోనూ గదులున్నాయి. కాని వారానికి ఒక్క పీరియడ్ బయట జరగటానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు, లెక్చరరుగారి మనసుంటే చాలు. ఏటి ఒడ్డున తాటాకు కప్పుతో, మట్టి అరుగుతో ఒక పాక వేసుకోవడం విద్యార్థి సంఘానికి మోయలేని ఖర్చేమీ కాదు. ఆ పాకలో ఒక వానకొలత పాత్ర, నీటిమట్టం గుర్తు పెట్టిన ఒక రాయి, రోజూ రాసే ఒక నోటు పుస్తకం. ఊళ్లో రైతుల్ని పిలిచి వాళ్లకి గుర్తున్న వరదలూ కరువులూ చెప్పించుకుంటే, అది ఏ లైబ్రరీలోనూ దొరకని గ్రంథమవుతుంది. పదేళ్లు రాస్తే మన ఏటి సంగతి మనకంటే బాగా చెప్పగలవాడు ఉండడు.

కిటికీ దగ్గర సుద్దగీతలో కూర్చున్న ఒక పిల్లవాడు మర్రిచెట్టుని చూస్తూ పెరిగి, ఆ గీతని చెరిపి, తన తర్వాతి పిల్లల్ని చెట్టు కిందకే తీసుకుపోయాడు. రవీంద్ర జయంతి నాడు పటానికి దండ వేసి ఊరుకోవడం తేలిక. ఈ శ్రావణంలో ఒక మొక్కతో, ఒక నోటు పుస్తకంతో శారద ఒడ్డుకి నడిచి వెళ్దాం. ఆయనకి అంతకంటే నచ్చే దండ ఉండదు.